అరటి దొప్ప మీద వేసిన నెపం

ఇప్పుడు నేను కుర్చీలో కూర్చుని నూలు వడుకుతున్నాను. మా ఊళ్ళో ఎవరికి చెప్పినా నవ్వుతారు. పొందూరులో రాట్నం అంటే నేల మీద చాప పరిచి, కాలు మడిచి కూర్చుని తిప్పేది. ముప్పై ఏళ్ళకు పైగా నేనూ అలాగే తిప్పాను. పోయిన కార్తీకంలో తుంటి విరిగాక నేల మీద కూర్చోకూడదన్నారు. దాంతో రాట్నం బల్లెక్కింది, నేను కుర్చీ ఎక్కాను. చూసేవాళ్ళకి ఆఫీసరమ్మలా కనిపిస్తానట.

ఎముక ఎలా అతుకుతుందో, గుండె ఎలా కొట్టుకోవాలో చెప్పడానికి డాక్టర్లున్నారు. నేను రాసేది వేరే సంగతి. ఒకే ఏడాదిలో నాకు రెండు ఎముకలు విరిగాయి. రెండోది విరగకుండా ఆపగలిగిన మాట నా నోట్లోనే ఉంది. అది మింగేసి, దాని బదులు ఒక అబద్ధం చెప్పాను. ఆ అబద్ధం వల్ల నాకున్న ఒక్క తోడు కూడా దూరమైంది. లోపల ఏదో తేడా చేస్తోందని తెలిసీ పైకి ఇంకేదో చెప్పుకుంటూ తిరిగేవాళ్ళు నాలాగా ఇంకా ఉండే ఉంటారు. వాళ్ళు చదివితే చాలు.

ఆ తోడు పేరు సరస్వతి. మా ఆయన చెల్లెలు, నా ఆడపడుచు. శృంగవరపుకోటలో సంబంధం చూసి ఇచ్చారు. రెండేళ్ళకే ఒక సంచీతో తిరిగొచ్చేసింది. ఎందుకొచ్చిందో ఎవరికీ చెప్పలేదు, నేనూ అడగలేదు. మాది పొడుగాటి పెంకుటిల్లు. మధ్యలో ఒక తలుపు. తలుపుకి అవతల ఆమె, ఇవతల మేము. వెనక వసారా మాత్రం ఇద్దరిదీ. అందులో మా రాట్నాలు రెండూ ఎదురెదురుగా ఉండేవి.

మా నూలు చాలా సన్నం. ఆ సన్నం రావాలంటే పత్తిని వాలుగ చేప దవడతో దువ్వాలి. వేలెడు ఎముక, దాని నిండా దువ్వెనకి కూడా ఉండనంత సన్నని పళ్ళు. దువ్వడంలో సరస్వతిది దొడ్డ చెయ్యి. ఆమె దువ్వి శుభ్రం చేసిన దూదితో నేను ఏకులు చుట్టేదాన్ని. ఏకుకి చేతి చెమట అంటకుండా ఎండిన అరటి దొప్పలో పెట్టి ఎడమచేత్తో పట్టుకుంటాం. అరటి బోదె నుంచి ఒలిచిన దొప్ప పచ్చిగా ఉన్నప్పుడు సబ్బులా జారుతుంది. అందుకే ఎండబెట్టి గాని వాడం. ఈ కథంతా ఆ దొప్ప చుట్టూనే తిరుగుతుంది కాబట్టి ముందే చెబుతున్నాను.

మా ఆయన నేత మగ్గం మీదే పోయారు. తొమ్మిదేళ్ళయింది. ఆ పూట గుండె మీద చెయ్యి పెట్టుకుని "ఏటో దడగా ఉన్నాదే" అన్నారు. నేను మజ్జిగ తెచ్చేలోపు అయిపోయింది. అప్పటి నుంచి మా ఇంట్లో దడ అన్న మాట ఎవరూ పలకలేదు. టీవీలో ఎవరైనా అన్నా నేను లేచి వెళ్ళిపోయేదాన్ని.

ఆషాఢం

మొదటిసారి అది నా ఎడమచేతిలో తెలిసింది. ఏకు నుంచి దారం లాగుతున్నాను. లోపల గుండె ఒక అడుగు తప్పి, ఆ తర్వాత తొందరతొందరగా నాలుగడుగులు వేసినట్టయింది. చెయ్యి ఆగింది, దారం తెగింది. అతుక్కుని మళ్ళీ లాగాను. మళ్ళీ తెగింది. అరగంటకి అదే సర్దుకుంది.

రెండు రోజులు బాగానే ఉండి, మూడో రోజు మళ్ళీ వచ్చింది. ఈసారి గొంతు దాకా కొట్టుకుంది. దానికి ఒక లెక్కా లేదు, వరసా లేదు. మగ్గం మీద చెయ్యి తిరగని కుర్రాడు నాడె విసిరితే వచ్చే చప్పుడులా ఉండేది. చెమట పట్టి, మెట్లు ఎక్కినట్టు ఆయాసం వచ్చేది.

వానాకాలంలో పత్తి చెమ్మ పట్టి దారం తెగడం మామూలే. సరస్వతి నా కదురు వంక చూసి అడిగింది.

"పత్తి సెమ్మగా ఉన్నాదేటి వొదినా?"

"సెమ్మే," అన్నాను.

ఆ తర్వాత అడిగినప్పుడల్లా చెమ్మే అన్నాను. ఎండ కాసిన రోజు కూడా చెమ్మే అన్నాను. ఆమె దూదిని వేళ్ళతో నలిపి చూసి, మళ్ళీ దువ్వుకునేది. ఆ వేళ్ళకి పత్తి చెమ్మగా ఉందో పొడిగా ఉందో తెలియదనుకున్న నా తెలివికి ఇప్పుడు నవ్వొస్తుంది.

ఎందుకు చెప్పలేదని తర్వాత అందరూ అడిగారు. నాకు భయం. చెబితే నిజమవుతుందన్న భయం. మా ఆయన ఆ మాట అన్నాక బతికింది మజ్జిగ కలిపేంత సేపు. నేను అనకపోతే ఇంకొన్నాళ్ళు ఉంటాననుకున్నాను.

శ్రావణం

ఆ పొద్దున సరస్వతి అరటితోట నుంచి పచ్చి దొప్పలు మోపు కట్టి తెచ్చింది. వసారా చివర పరిచింది. నేను కూర్చుని రెండు గంటలు దాటింది. మధ్యలో దడ మొదలైంది. నీళ్ళు తాగితే తగ్గుతుందని గబుక్కున లేచాను. వసారా స్తంభం నా ముందు నుంచి పక్కకి వెళ్ళినట్టనిపించింది. ఆ తర్వాత నాకేమీ తెలియదు.

కళ్ళు తెరిచేసరికి నేల మీదున్నాను. ఎడమ మణికట్టు గరిటె వంగినట్టు వంగిపోయింది. నొప్పి వెంటనే రాలేదు. ముందు సరస్వతి ముఖం వచ్చింది.

"ఏటయినాది వొదినా? ఎలాగ పడినావు?"

ఆ క్షణంలో నిజం చెప్పడానికి ఎంతసేపు పడుతుంది? ఒక్క మాట. పొద్దున పరిచిన దొప్పలు మనసులో మెదిలాయి, నోరు వాటి వెనకే వెళ్ళింది.

"దొప్ప మీద కాలేసినాను. జారిపోనాను."

ఆమె ఒకసారి నేల వంక చూసింది. ఒకసారి నా వంక చూసింది. పాత చీర చింపి చేతికి ఊయల కట్టింది. ఆ చూపులో తప్పు చేసిన దిగులుందని నేను అనుకున్నాను. మనిషి తనకి కావాల్సిందే ఎదుటివాళ్ళ ముఖంలో చదువుకుంటుంది.

శ్రీకాకుళంలో ఎముకల ఆస్పత్రికి తీసుకెళ్ళింది. ఆటోలో గతుకు వచ్చినప్పుడల్లా తన చెయ్యి నా చేతి కింద పెట్టింది. ఆస్పత్రి హాల్లో బెంచీల నిండా విరిగినవాళ్ళే. బండి మీంచి పడినవాళ్ళు, తాటిచెట్టు మీంచి పడినవాడు, వాకిట్లో పడిన ముసలావిడ. ఎవరి పేరు పిలుస్తారా అని అందరూ ఒకే తలుపు వంక చూస్తున్నారు. చీటీ రాసే అమ్మాయి ఎలా పడ్డారని అడిగింది. దొప్ప మీద జారానని చెప్పాను. లోపల డాక్టరు అడిగాడు. మళ్ళీ చెప్పాను.

"అరటి తొక్క మీద జారడం విన్నాను గాని దొప్ప మీద జారడం మీ దగ్గరే వింటున్నాను," అని ఆయన నవ్వాడు. నేనూ నవ్వాను. అంత నొప్పిలో కూడా ఆయన నా అబద్ధం నమ్మినందుకు నాకు హాయిగా అనిపించింది.

ఈలోగా రాజాం నుంచి మా అబ్బాయి పురుషోత్తం వచ్చాడు. అక్కడ ధాన్యం కొట్లో గుమస్తా. వాడిది వాళ్ళ నాన్న కోపం, తాటాకు మంట. బెంచీ దగ్గర నిలబడి అందరి ముందూ మేనత్త మీద పడ్డాడు.

"దొప్పలు మనుషులు నడిసే సోట ఎడతారేటి అత్తా? నీకు కళ్ళు నేవేటి? ఆ సెయ్యి పోతే మా యమ్మ బతుకేటవుతాది?"

హాలంతా మా వైపు తిరిగింది. సరస్వతి చీర చెంగు వేలికి చుట్టుకుంటూ నేల చూసింది. తర్వాత తలెత్తి నన్ను చూసింది. నేను ఎక్స్‌రే కవరు మీద రాసిన నా పేరు చదువుతూ కూర్చున్నాను. ఈ రాతలో నేను సిగ్గుపడే చోటు ఏదైనా ఉంటే అది ఇదే. ఎముక విరిగినందుకు సిగ్గు లేదు.

భాద్రపదం

చేతికి ఆరు వారాల కట్టు. మొదటి వారం సరస్వతి వండి తెచ్చింది. గిన్నె వసారాలో పెట్టి, మూత మీద చిన్నగా తట్టి వెళ్ళిపోయేది. రెండో వారం కోడలు రాజాం నుంచి వచ్చింది. అదే రోజు సరస్వతి తన రాట్నం ఎత్తుకుని పగలు వడకడానికి వీధి చివర రంగమ్మగారి అరుగు మీదకి మారిపోయింది. మధ్య తలుపుకి అటువైపు గొళ్ళెం పడింది. ఈ ఇంట్లోకి వచ్చినప్పటి నుంచి అప్పటిదాకా ఆ గొళ్ళెం చప్పుడు నేను ఎప్పుడూ వినలేదు.

పది రోజులుండి కోడలు వెళ్ళింది. పిల్లల బడి, మా అబ్బాయి డ్యూటీ, తప్పు పట్టడానికి లేదు. పక్కింటి వాళ్ళు అన్నం పంపేవారు. ఆకలికి లోటు లేదు గాని, రోజు గడవడం కష్టమైపోయింది. ఒంటి చేత్తో జాకెట్టు హుక్కు పెట్టుకోవడానికి పావుగంట పట్టేది. జడ అసలే కుదరదు. జుట్టు ముడేసుకోవడానికి గోడకి తల ఆనించి, కుడిచేత్తో తిప్పి, జారిపోతే మళ్ళీ తిప్పి, చివరికి విసుగొచ్చి వదిలేసేదాన్ని. మూడు రోజులు చిక్కు పడ్డ తలతో కూర్చుని ఎందుకో పెద్దగా ఏడ్చాను. చెయ్యి విరిగినప్పుడు ఏడవలేదు.

వసారాలో ఎదురు రాట్నం ఉన్న చోట చాప మీద గుండ్రంగా ఒక మచ్చ మిగిలింది. ఆమె కూర్చున్న చోటు. మేమిద్దరం పెద్దగా మాట్లాడుకునేవాళ్ళం కాదు. వానలు, కూరలు, ఖాదీ సంఘం వాళ్ళు పత్తి ఎప్పుడు పంపుతారు, అంతే. ఆ కాస్త మాట లేకపోతే ఇల్లు ఇంత పెద్దదవుతుందని నాకు తెలియదు. ఒక్కోసారి కావాలనే గట్టిగా దగ్గేదాన్ని. గోడ అవతల చీపురు చప్పుడు ఆగేది. కాసేపటికి మళ్ళీ మొదలయ్యేది.

ఆమెకి కోపం వచ్చిందనుకున్నాను. పోనీ తనే వచ్చి నాకు క్షమాపణ చెప్పుకుంటుంది కదా అని కూడా అనుకున్నాను. అవును, అంత దూరం వెళ్ళాను. చెప్పిన అబద్ధాన్ని పదిమంది నమ్మాక నేనూ నమ్మడం మొదలుపెట్టాను. రెండు మూడు సార్లు నిజంగానే నా పాదం కింద దొప్ప జారినట్టు గుర్తొచ్చింది.

కట్టు విప్పిన రోజు డాక్టరు ఎక్స్‌రే ఫోటో చూసి ఎముకలు పలచబడ్డాయన్నాడు. మాత్రలు రాశాడు. రాస్తూ రాస్తూ, "తల తిరగడం గాని ఉందా అమ్మా?" అని అడిగాడు.

"లేదండి."

అప్పటికి వారంలో రెండు సార్లు స్తంభం పట్టుకుని లేవడం నాకు అలవాటైపోయింది.

కార్తీకం

సోమవారం ఉపవాసం. దడ ఉన్నవాళ్ళు ఉపవాసం చెయ్యొచ్చా అని అడగడానికి దడ ఉందని ఎవరికి తెలుసు? మధ్యాహ్నం కుళాయి దగ్గర బకెట్టు నింపి ఎత్తాను. గుండె ఒక్కసారి ఎగిరి, ఆ తర్వాత ఏమీ లేనట్టయింది. బకెట్టు గచ్చు మీద పడిన చప్పుడు నాకు వినిపించింది. నేను పడిన చప్పుడు వినిపించలేదు.

కాలు నాది కానట్టు పక్కకి తిరిగిపోయింది. నీళ్ళలో పడుకుని ఆకాశం చూస్తూ, ఉపవాసం వల్ల కళ్ళు తిరిగాయని చెప్పాలని అప్పుడే నిశ్చయించుకున్నాను. నిజంగా. తుంటి విరిగి పడి ఉన్న మనిషి, ముందు నెపం వెతుక్కుంది.

అప్పుడు గొళ్ళెం తీసిన చప్పుడైంది.

సరస్వతి పరిగెత్తుకొచ్చింది. ఈసారి ఎలా పడ్డావని అడగలేదు. నా తల తన ఒళ్ళో పెట్టుకుంది. "కదలకు," అంది. ఆంబులెన్స్ వచ్చేదాకా తడి నేల మీద అలాగే కూర్చుంది. ఆమె చెయ్యి నా నుదుటి మీద ఉంది. చెప్పేయాలనిపించింది. ఉపవాసం అన్నాను. ఆమె చెయ్యి ఒక్క క్షణం ఆగి, మళ్ళీ నిమిరింది.

బండి ఎక్కించాక నేను చెయ్యి చాపాను. "పురుసోత్తానికి ఫోన్ సేసినాను. ఆడొస్తాడు," అని కిందనే ఉండిపోయింది. ఎందుకు ఎక్కలేదో నాకు తెలుసు. ఆ బెంచీల దగ్గర ఇంకోసారి నిలబడే ఓపిక ఆమెకి లేదు.

శ్రీకాకుళంలో ఈసారి పెద్దాస్పత్రి. ఆపరేషన్‌కి ముందు మత్తు ఇచ్చే డాక్టరమ్మ వచ్చింది. చిన్న వయసు, కళ్ళ కింద నలుపు. గుండెకి తీసిన ఈసీజీ కాగితం చూసింది. తర్వాత నా మణికట్టు పట్టుకుని చాలాసేపు వదల్లేదు. విరిగి అతికిన మణికట్టే.

"ఈ చెయ్యి ఎప్పుడు విరిగింది?"

"శ్రావణంలో. జారాను."

"ఇప్పుడు?"

"ఉపవాసం అండి."

ఆమె మంచం అంచున కూర్చుంది. "అమ్మా, నేను తిట్టను. పడే ముందు గుండె ఎలా కొట్టుకుంది?" అని అడిగింది.

ఎలా పడ్డారని అందరూ అడిగారు. పడే ముందు గుండె సంగతి అడిగింది ఆ పిల్ల ఒక్కతే. ఆషాఢం నుంచి మొత్తం చెప్పేశాను. మా ఆయన మాట, మజ్జిగ, అన్నీ.

ఆమె నాకు అర్థమయ్యేలా చెప్పింది. గుండె పై గదులు లయ తప్పి వణుకుతున్నాయట. అలాంటప్పుడు తలకి రక్తం సరిగ్గా అందక కళ్ళు తిరుగుతాయి. వయసుతో ఎముక ముందే పలచబడి ఉంటుంది. పడితే విరుగుతుంది. ఇలా గుండె లయ తప్పినవాళ్ళలో ఎముకలు విరగడం ఎక్కువగానే చూస్తున్నామని, దానికి పడిపోవడం ఒక్కటే కారణమా, ఇంకేమైనా ఉందా అన్నది తమకీ పూర్తిగా తెలియదని అంది.

"ఎముకల డాక్టరు ఎముక చూస్తారు, గుండె డాక్టరు గుండె చూస్తారు. రెండూ ఉన్నది మీలో. కలిపి చెప్పాల్సింది మీరే," అంది. "మొదటిసారే చెప్పి ఉంటే..." అని ఆపేసింది. మిగతాది నాకు తెలుసు.

గుండె కుదుటపడేదాకా ఆపరేషన్ ఆపారు. కాలికి బరువు కట్టి పడుకోబెట్టారు. పక్క మంచం మీద కళింగపట్నం వైపు నుంచి వచ్చిన ముసలావిడ. ఆమెకి తోడుగా కోడలు పోలమ్మ ఉండేది. చేపలు అమ్ముకునే మనిషి, గొంతు వార్డంతా వినిపించేది. రెండో రోజు నా తల చూసి దువ్వెన పట్టుకుని వచ్చేసింది.

"ఇదేటి తలమ్మా, కాకిగూడు. ఉండు, నాను దువ్వుతాను."

దువ్వుతూ నా పని అడిగింది. వాలుగ దవడ సంగతి చెబితే నమ్మలేదు. "వాలుగ మా సముద్రం సేప కాదు గదా. దాని దవడతో పత్తి దువ్వుతారేటి? మేం సేపల ఎముకలు పిల్లులకి ఏస్తాం," అని నవ్వింది. ఎన్నాళ్ళకో నా జుట్టులో ఇంకొకరి చెయ్యి. కళ్ళు మూసుకున్నాను.

"నీకు ఆడతోడు ఎవులూ నేరేటి?"

"ఉన్నాది. ఆడపడుసు."

"మరి రాదేటి?"

అప్పుడు పోలమ్మకి కూడా చెప్పాను. దొప్ప, హాల్లో మా అబ్బాయి మాటలు, నా మౌనం. ఎవరో తెలియని మనిషికి చెప్పడం తేలిక. ఆమె చిక్కు తీయడం ఆపకుండానే విన్నది.

"మరామాట ఆవిడికి సెప్పాల గానీ, నాకు సెప్తే ఏటొస్తాది?" అంది. జడ బిగించి రబ్బరు పెట్టి వెళ్ళిపోయింది.

సాయంత్రం పురుషోత్తం వచ్చినప్పుడు వాడికి చెప్పాను. వాడు మందుల సంచీ ఒళ్ళో పెట్టుకుని కదలకుండా కూర్చున్నాడు. కోప్పడతాడనుకున్నాను.

"అంత మందిలో అత్తని అన్నాను గదమ్మా," అన్నాడు. సంచీ పక్కన పెట్టి, "నువ్వు పక్కనే ఉన్నావు," అన్నాడు.

ఈసారి చూపు తిప్పుకోకుండా తలూపాను.

మాఘం

ఆపరేషన్ బాగానే జరిగింది. గుండెకి మాత్రలు, రక్తం గడ్డకట్టకుండా ఒక మాత్ర, ఎముకకి ఒకటి. చిన్న దెబ్బ తగిలినా ఒళ్ళు కమిలి నల్లబడుతుంది. కోడలు కొన్నాళ్ళుంది. రాజాం వచ్చేయమన్నారు. రానన్నాను. ఎందుకు రానో వాళ్ళకి చెప్పలేదు. నాకు ఇక్కడ ఒక పని మిగిలి ఉంది.

విరిగిన ఎముక కంటే, నిలబడడమంటే వచ్చే భయం ఎక్కువ బాధపెట్టింది. మంచం దిగాలంటే చెమటలు. గుండె కాస్త తప్పినా, ఇంక ఇదే అనుకునేదాన్ని. లేచే ముందు మంచం అంచున కూర్చుని ఇరవై లెక్కపెట్టమని డాక్టరమ్మ చెప్పింది. ఇప్పటికీ లెక్కపెడతాను. మీరూ లెక్కపెట్టండి, ఏమీ పోదు.

వాకర్‌తో రోజూ కాస్త కాస్త దూరం పెంచమన్నారు. మొదటి రోజు తలుపు దాకా. తర్వాత వాకిలి దాకా. తర్వాత వీధిలో పక్కిల్లు. సరస్వతి పొద్దున్నే నా ముందు నుంచే రంగమ్మగారింటికి వెళ్ళేది. నన్ను చూసి కాస్త పక్కకి తప్పుకుని దారి ఇచ్చేది. "బావుందా?" అనేది. "బావుంది," అనేదాన్ని. ఇద్దరం ఎండ బాగా కాస్తోందని అనుకునేవాళ్ళం.

రంగమ్మగారిల్లు మా ఇంటికి పదకొండో ఇల్లు. గుమ్మంలో నిలబడి ఎన్నో సార్లు లెక్కపెట్టాను. ఇంట్లోనే పిలిచి చెప్పొచ్చు. కానీ నింద పడింది పదిమందిలో. నాలుగు గోడల మధ్య చెబితే అది సగమే అవుతుందనిపించింది. ఆ పదకొండిళ్ళు నడిచే సత్తువ వచ్చేసరికి నెల పట్టింది.

వెళ్ళిన రోజు ఎనిమిదో ఇంటి దగ్గర దడ వచ్చింది. గోడకి ఆనుకుని నిలబడ్డాను. వెనక్కి పోదామనుకున్నాను. తగ్గింది. నడిచాను.

అరుగు మీద నలుగురు ఆడవాళ్ళు వడుకుతున్నారు. నన్ను చూసి రాట్నాలు ఆగాయి. సరస్వతిది ఒక్కటే తిరుగుతోంది. ఊపిరి అందేదాకా ఆగి, అందరికీ వినిపించేలా చెప్పాను.

"సరస్పతీ, ఆవేళ నాను దొప్ప మీద జారనేదు. గుండె దడొచ్చి కళ్ళు సీకట్లు కమ్మినాయి. దానికి నెల ముందు నుంచీ ఉన్నాది. నీ మీద అబద్దం సెప్పినాను. పురుసోత్తం నిన్నంటంటే నోరు మూసుకు కూకున్నాను."

ఆమె చేతిలో ఉన్న దారం ఆఖరు దాకా లాగింది. కదురుకి చుట్టింది. అప్పుడు రాట్నం ఆపింది.

"నాకు తెల్సు వొదినా."

"ఏటి తెల్సు?"

"నువ్వు రాట్నం కాడ నుంచి లెగక ముందే దొప్పలన్నీ తీసి పెరట్లో ఎండకి ఏసినాను. వసారాలో ఒక్కటీ నేదు. నువ్వు వడుకుతన్నావు, సూడనేదు."

నేల వంక చూసిన ఆ చూపు నాకు అప్పుడు అర్థమైంది. ఖాళీ నేల చూసి, నన్ను చూసింది. ఆరు నెలలు ఆ ఖాళీ నేలని కడుపులో దాచుకుని తిరిగింది.

"మరి ఆడు తిడతంటే సెప్పనేదేటి?" అన్నాను.

సరస్వతి వేళ్ళకంటిన దూది తీసుకుంటూ నెమ్మదిగా అంది.

"ఎండ కాసినా సెమ్మే అన్నావు. అప్పుడే అనుమానం వచ్చినాది. నువ్వు సెప్తావని సూసినాను. అడిగితే, అన్నయ్య అన్నమాటే నువ్వూ అంటావని బయమేసినాది. పోనీ దొప్పే అనుకుందాం, దొప్పయితే మనిసి బతుకుతాది అనుకున్నాను. తిట్లదేటుంది." తీసిన దూది ఒళ్ళో పెట్టుకుంది. "ఎదురుగుండా కూకుని నీ దారం తెగడం సూడనేకపోనాను. అందుకే ఇటొచ్చీసినాను."

ఆమెకి కోపం అనుకున్నాను. ఆమెకీ నా భయమే. గోడకి అటూ ఇటూ ఇద్దరం ఒకే భయాన్ని పెట్టుకుని ఒంటరిగా కూర్చున్నాం.

ఆ రోజే రాట్నం ఇంటికి తెచ్చింది. తల మీద రాట్నం పెట్టుకుని, నా వాకర్ అడుగుకి తన అడుగు ఆపుకుంటూ నడిచింది. పదకొండిళ్ళకి చాలాసేపు పట్టింది.

ఇప్పుడు

పురుషోత్తం వచ్చి మేనత్త కాళ్ళకి దండం పెట్టాడు. ఆమె వాడి వీపు మీద ఒక్కటి చరిచింది. నాకు ఎత్తు బల్ల చేయించింది వాడే.

నేను పూర్తిగా బాగైపోయానని రాయను. నూలు మునుపటంత సన్నం రావడం లేదు. మణికట్టు వాన పట్టే ముందే చెబుతుంది. దడ తగ్గింది గాని పోలేదు. పొద్దున్న లేచే ముందు ఇరవై లెక్కపెట్టే ఆ కాస్త సేపు, నేను ఒక్కదాన్నే. అక్కడికి ఇంకెవరూ రాలేరు. కుర్చీలో నేను, చాప మీద ఆమె, ఇదివరకటిలా కళ్ళు ఒకే ఎత్తులో కలవవు.

కానీ నా దారం తెగినప్పుడల్లా సరస్వతి తలెత్తి అడుగుతుంది.

"పత్తేనా, గుండేనా?"

చాలా సార్లు పత్తే. పత్తి అని చెబితే దూది నలిపి చూసి, అవునో కాదో తనే తేలుస్తుంది. మొన్న ఒక పొద్దున దారం తెగింది. ఆమె అడిగింది. ఇదివరకటిలా చెమ్మే అన్న మాట నాలుక చివరిదాకా వచ్చింది.

"గుండె," అన్నాను.

ఆమె వాలుగ దవడ పక్కన పెట్టింది. చేతులు చీరకి తుడుచుకుని లేచి వచ్చి, కుర్చీ పక్కన నిలబడి నా మణికట్టు పట్టుకుంది. ఆమెకి నాడి చూడడం రాదు. అయినా దడ తగ్గేదాకా పట్టుకునే ఉంది.